గోడ ఎంత తింది, దూరం ఎంత తింది: తరంగాల క్షీణతను లెక్కకట్టే పద్ధతి

పక్కగదిలోకి వెళ్ళగానే వైఫై నత్తనడక నడిస్తే అందరం ముందు గోడనే తిడతాం. నేనూ అంతే. ఒకసారి నెలరోజులు ఇటుకగోడను అనుమానించి రౌటర్‌ను పైకీ కిందికీ, అటూ ఇటూ జరుపుతూ గడిపాను. చివరికి తేలిందేమిటంటే దోషి గోడ కాదు, దానికి ఆనించి ఉన్న ఇనుప బీరువా. కాగితం మీద పది నిమిషాలు లెక్క వేసుకుని ఉంటే ఆ నెల మిగిలేది. ఆ లెక్క ఎలా వేయాలో, వేసినదాన్ని ఇంట్లోనే ఎలా కొలిచి సరిచూసుకోవాలో ఇక్కడ చెబుతాను.

ఇది వైఫైకి మాత్రమే పనికొచ్చే లెక్క కాదు. గాజుతీగలో (ఆప్టికల్ ఫైబర్) పరుగెత్తే కాంతి, కడుపు స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్, సముద్రంలో మునిగిన జలాంతర్గామికి పంపే రేడియో సందేశం, తలుపు సందులోంచి దూరే రొద, అన్నిటికీ పద్ధతి ఒకటే. అంకెలు మాత్రం మారతాయి. కూడిక, తీసివేత వస్తే చాలు. సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) అవసరమయ్యే చోట ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ ఉంది.

1. ముందు నష్టాన్ని ఖాతాలుగా విడదీయండి

తరంగం బలహీనపడటానికి కారణాలు నాలుగు. అన్నిటినీ "సిగ్నల్ తగ్గింది" అనే ఒకే మూటలో కట్టేస్తే ఎక్కడ బాగుచేయాలో తెలియదు.

మొదటిది పరుచుకుపోవడం. బల్బు వెలుతురు అన్ని వైపులకూ పోతుంది. ఒక మీటరు దూరంలో ఒక గోళం మీద పరుచుకున్న వెలుతురే రెండు మీటర్ల దూరంలో నాలుగు రెట్లు పెద్ద గోళం మీద సర్దుకోవాలి. కాబట్టి మీకందే వాటా నాలుగో వంతు. ఇక్కడ శక్తిని ఎవరూ తినలేదు, అది పలచబడింది. శూన్యంలో కూడా ఈ నష్టం తప్పదు.

రెండోది హద్దు దగ్గర వెనక్కి తిరగడం, అంటే పరావర్తనం. ఒక పదార్థం అయిపోయి ఇంకొకటి మొదలయ్యే చోట తరంగంలో కొంత భాగం లోపలికి వెళ్ళకుండానే తిరిగి వచ్చేస్తుంది. దీనికి మందంతో పని లేదు, రెండు పదార్థాల మధ్య ఎంత తేడా ఉందన్నదే ముఖ్యం. గాలిలోంచి శరీరంలోకి వెళ్ళబోయే అల్ట్రాసౌండ్‌లో 99 శాతానికి పైగా చర్మం దగ్గరే వెనక్కి మళ్ళుతుంది. స్కానింగ్‌కి ముందు చల్లటి జెల్ పూస్తారే, ఆ జెల్ చేసే పనల్లా యంత్రానికీ చర్మానికీ మధ్య గాలి లేకుండా చేయడమే.

మూడోది శోషణ. తరంగం శక్తి పదార్థంలో వేడిగా మారిపోతుంది, ఇక తిరిగి రాదు. నాలుగోది పరిక్షేపణం. పొగమంచులో బండి లైటు వేస్తే వెలుతురంతా మన ముఖం మీదికే తెల్లగా వచ్చి పడుతుంది కదా, అదే ఇది. శక్తి ఉంది, దారి తప్పింది. అందుకునేవాడికి రెండూ ఒకలాగే కనిపించినా మందు మాత్రం వేరు. దారి తప్పిన వెలుతురును పెద్ద అద్దంతో కొంతైనా పోగుచేసుకోవచ్చు. వేడైపోయినదాన్ని ఏ అద్దమూ వెనక్కి తేలేదు.

మామూలు గోడ ఒక్కటే ఈ పనుల్లో మూడు చేస్తుంది. రెండు ముఖాల దగ్గరా పరావర్తనం, లోపల శోషణ, అందులో ఇనుప చువ్వలుంటే పరిక్షేపణం. ఇంట్లో వేసుకునే లెక్కకి ఈ మూడింటినీ కలిపి "ఈ గోడ ఇంత తింటుంది" అనుకుంటే సరిపోతుంది. దూరం వల్ల పలచబడటాన్ని మాత్రం ఎప్పుడూ విడిగానే రాయాలి.

2. డెసిబెల్‌తో స్నేహం చేసుకోండి

శోషణకి ఒక లక్షణం ఉంది. ప్రతి పొరా "ఇంత" అని కాకుండా మిగిలినదాంట్లో "ఇన్నో వంతు" అని తీసుకుంటుంది. మొదటి సెంటీమీటరు సగం తింటే, రెండోది మిగిలిన సగంలో సగం తింటుంది, మూడోది ఆ పావులో సగం. ఎన్ని పొరలు పెట్టినా పూర్తిగా సున్నా కాదు. కాంతి విషయంలో దీన్ని 1729లో పియర్ బుగే గుర్తించాడు. 1760లో లాంబర్ట్ గణితరూపం ఇచ్చాడు. 1852లో బీర్ దీన్ని రంగు ద్రావణాలకు అన్వయించాడు. పుస్తకాల్లో సూత్రం ఎక్కువగా చివరి ఇద్దరి పేర్లతోనే కనిపిస్తుంది. బుగేకి అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం.

పది పొరలుంటే పదిసార్లు గుణించాలి, అది విసుగు. ఆ గుణకారాన్ని కూడికగా మార్చేదే డెసిబెల్. టెలిఫోన్ తొలిరోజుల్లో ఇంజనీర్లు నష్టాన్ని "ఇన్ని మైళ్ళ ప్రామాణిక కేబుల్ అంత" అని చెప్పుకునేవాళ్ళు. 1920లలో బెల్ సంస్థ ఇంజనీర్లు దాని బదులు కొత్త కొలమానం తెచ్చి, అలెగ్జాండర్ గ్రాహం బెల్ గుర్తుగా ఆ పేరు పెట్టారు. శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకెగానే మనకు డెసిబెల్ పరిచయం కానీ, అది పుట్టింది మాత్రం తీగలో సిగ్నల్ ఎంత పోయిందో చెప్పడానికి.

బట్టీ పట్టాల్సినవి నాలుగే. 3 డెసిబెల్‌లు పోతే సగం మిగులుతుంది. 10 పోతే పదో వంతు, 20 పోతే వందో వంతు, 30 పోతే వెయ్యో వంతు. మిగతావి వీటినుంచే వస్తాయి. 7 అంటే 10లోంచి 3 తీసేసినట్టు, కాబట్టి పదో వంతుకు రెట్టింపు, అంటే ఐదో వంతు మిగిలింది. 1 డెసిబెల్ అంటే దాదాపు ఐదో వంతు పోయింది.

డెసిబెల్ ఊరికే పోలిక. అసలు బలం చెప్పాలంటే ఒక మొదలు కావాలి. రేడియో లెక్కల్లో ఒక మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకుని డీబీఎం అంటారు. 100 మిల్లీవాట్లు అంటే 20 డీబీఎం. ఫోన్‌లో కనిపించే మైనస్ 60 అంటే మిల్లీవాట్‌లో పదిలక్షల వంతు. అంత తక్కువతో కూడా వీడియో హాయిగా నడుస్తుంది.

ఒక జాగ్రత్త. పైన చెప్పిందంతా శక్తికి. వోల్టేజీ, ధ్వని పీడనం, కంపన పరిమితి (తరంగం ఊపు ఎంత పెద్దదో ఆ కొలత) లాంటివి సగమైతే 3 కాదు, 6 డెసిబెల్‌లు పోయినట్టు. శక్తి వాటి వర్గానికి అనులోమంగా ఉండటమే కారణం. ఈ ఒక్క చోట తడబడి లెక్కంతా రెండింతలు తప్పు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

3. దూరం రెట్టింపైతే ఎంత పోయింది?

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఈ ప్రశ్న గుర్తుంచుకోండి. పరుచుకుపోవడానికీ శోషణకీ ఉన్న తేడా ఇందులో బయటపడుతుంది.

పరుచుకుపోవడం వల్ల నష్టం ప్రతి రెట్టింపుకీ 6 డెసిబెల్‌లు. ఒకటి నుంచి రెండు మీటర్లకు 6, రెండు నుంచి నాలుగుకు 6, వంద నుంచి రెండొందలకూ 6. దూరమయ్యేకొద్దీ మీటరుకు పడే నష్టం తగ్గిపోతుంది. శోషణ అలా కాదు. మీటరుకు ఇంత అని పన్ను వేసుకుంటూ పోతుంది. మొదటి మీటరుకు ఎంతో వందో మీటరుకూ అంతే. దగ్గరలో పరుచుకుపోవడానిదే పైచేయి. దూరం పెరిగితే ఎప్పటికైనా శోషణే గెలుస్తుంది.

కాబట్టి తెలియని పరిస్థితి ఎదురైతే ఇలా చేయండి. 1, 2, 4, 8 మీటర్ల దగ్గర కొలవండి. ప్రతిసారీ తేడా 6 దగ్గరే ఉంటే గాలి నిర్దోషి. 7, 9, 13 అంటూ పెరుగుతూ పోతే మధ్యలోని పదార్థం తింటోందని అర్థం. ప్రతి తేడాలోంచి 6 తీసేస్తే 1, 3, 7 మిగిలాయి. పెరిగిన దూరం 1, 2, 4 మీటర్లయినప్పుడు శోషణ కూడా ఆ నిష్పత్తిలో పెరగాలి. 1, 3, 7 సరిగ్గా అలా లేవు, ఇంట్లో తీసుకున్న కొలతలు ఎప్పుడూ ఉండవు కూడా. మీటరుకు ఒకటిన్నర డెసిబెల్‌లకు అటూఇటూ అని రాసుకోవడానికి అవి చాలు.

పరుచుకుపోవడమే లేని ఉదాహరణ గాజుతీగ. వెలుతురు తీగలోనే బందీ, కాబట్టి నష్టమంతా గాజుదే. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ అనే ఇంజనీర్లు ఒక మాట అన్నారు: కిలోమీటరుకు నష్టం 20 డెసిబెల్‌లకు దిగితే గాజుతీగతో టెలిఫోన్ నడపొచ్చు. అప్పటి తీగల్లో అది వెయ్యి దరిదాపుల్లో ఉండేది. 1970లో కార్నింగ్ సంస్థలో 17 డెసిబెల్‌ల తీగ తయారైంది. ఇప్పుడు 1550 నానోమీటర్ల కాంతికి కిలోమీటరుకు 0.2 మాత్రమే. 20 డెసిబెల్‌లు పోవడానికి అప్పట్లో 20 మీటర్లు చాలేవి, ఇప్పుడు 100 కిలోమీటర్లు కావాలి. గాజులోని మలినాలను, ముఖ్యంగా లోహాల అయాన్లను, తడిని తొలగించడమే ఈ మార్పుకు మూలం. కావోకి 2009లో నోబెల్ వచ్చింది.

4. పౌనఃపున్యం అడగకుండా పదార్థాన్ని నిందించకండి

"కాంక్రీటు ఎంత తింటుంది?" అన్నది సగం ప్రశ్న. ఏ పౌనఃపున్యానికి, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగే తరంగానికి అన్నది మిగతా సగం. గాలినే చూడండి. 1000 హెర్ట్జ్ ధ్వని మామూలు గాలిలో కిలోమీటరుకు సుమారు 5 డెసిబెల్‌లు కోల్పోతుంది. 10,000 హెర్ట్జ్ అయితే అది సాధారణంగా వంద దాటుతుంది. దగ్గరలో పడ్డ పిడుగు ఫెళ్ళుమంటే, దూరపుది గుడగుడలాడటానికి ఒక కారణం ఇదే. సన్నటి శబ్దాలను దారిలో గాలి తినేసింది, లావుపాటివి మిగిలాయి.

సముద్రపు నీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి రేడియో తరంగాలకు పరమశత్రువు. 10 కిలోహెర్ట్జ్ తరంగం రెండున్నర మీటర్లు దిగేసరికి 8.7 డెసిబెల్‌లు పోతాయి. పౌనఃపున్యం నాలుగింతలైతే ఆ లోతు సగమవుతుంది. అందుకే జలాంతర్గాములకు సందేశాలు 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య పంపుతారు. అమెరికా నౌకాదళం ఒకప్పుడు 76 హెర్ట్జ్ కూడా వాడింది. దానికి ఆ లోతు సుమారు 29 మీటర్లు. కానీ అంత తక్కువ పౌనఃపున్యంలో నిమిషాల తరబడి పంపినా వెళ్ళే సమాచారం అక్షరాల్లో లెక్కపెట్టుకోవాల్సినంత. చొచ్చుకుపోవడం కావాలంటే వేగాన్ని వదులుకోవాలి.

అలాగని "పౌనఃపున్యం పెరిగితే నష్టం పెరుగుతుంది" అని గుడ్డిగా రాసుకోకండి. 60 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోని ఆక్సిజన్ కిలోమీటరుకు దాదాపు 15 డెసిబెల్‌లు తింటుంది. ఇంకా పైన, 80 గిగాహెర్ట్జ్ దగ్గర అది ఒకటి కూడా ఉండదు. నీటిలో ఎరుపు త్వరగా ఇంకిపోతుంది, అంతకన్నా పౌనఃపున్యం ఎక్కువున్న నీలం లోతుకు పోతుంది. ప్రతి పదార్థానికీ తనకంటూ ఒక ఆకలి పట్టిక ఉంది.

మైక్రోవేవ్ ఓవెన్ గురించి ఒక అపోహ బాగా వ్యాపించింది, నీటి అణువు సరిగ్గా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర ఊగుతుంది కాబట్టి ఆ పౌనఃపున్యం ఎంచుకున్నారని. నిజం కాదు. మామూలు ఉష్ణోగ్రతలో నీరు బాగా తినేది 20 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో. అక్కడ పెట్టి ఉంటే తరంగం పైపొరలోనే ఆగిపోయేది. నీరు మరీ ఎక్కువ తినని చోట ఉండటమే ఓవెన్‌కి మేలు, అప్పుడే ఒకటి రెండు సెంటీమీటర్ల లోపలికైనా వేడి చేరుతుంది.

5. పట్టికలో అంకె తీసుకునేటప్పుడు

పదార్థాల పట్టికలు చూడటం తేలికే. తప్పులు జరిగేది ప్రమాణాల దగ్గర. నష్టాన్ని "మీటరుకు ఇన్ని డెసిబెల్‌లు" అని ఇస్తే అదృష్టం, మందంతో గుణించేయండి. కొన్ని పట్టికలు "మీటరుకు 0.5" అని డెసిబెల్ మాట లేకుండా ఇస్తాయి. అది శక్తి గుణకం అయితే 4.34తో, కంపన పరిమితి గుణకం అయితే 8.69తో గుణిస్తే డెసిబెల్‌లు వస్తాయి. ఏదో చెప్పని పట్టికను నమ్మకండి. రేడియేషన్ పుస్తకాల్లో సగం మందం అనే మాట ఉంటుంది, అంటే ఎంత మందానికి సగం ఆగుతుందో ఆ మందం. సీసియం-137 గామా కిరణాలకు సీసంలో అది సుమారు 6 మిల్లీమీటర్లు. అలాంటి పొరలు పది పెడితే 1024లో ఒక వంతు మిగులుతుంది.

ఇంకో గుంట రానుపోను దారి. శరీరంలోని మెత్తటి కణజాలానికి అల్ట్రాసౌండ్ నష్టం స్థూలంగా సెంటీమీటరుకు, మెగాహెర్ట్జ్‌కు అర డెసిబెల్. 5 మెగాహెర్ట్జ్‌తో 8 సెంటీమీటర్ల లోతున్న అవయవాన్ని చూడాలంటే తరంగం వెళ్ళాలి, ప్రతిధ్వని తిరిగి రావాలి, కాబట్టి దారి 16 సెంటీమీటర్లు. 0.5ను 5తో, 16తో గుణిస్తే 40 డెసిబెల్‌లు. అంటే పదివేలలో ఒక వంతు, అదీ అవయవం మొత్తం వెనక్కి పంపిందనుకుంటే. అదే 2.5 మెగాహెర్ట్జ్ వాడితే 20 డెసిబెల్‌లే, కానీ బొమ్మ మొద్దుబారుతుంది. అందుకే పైపైన ఉండే థైరాయిడ్‌కి ఒక ప్రోబ్, లోతైన కాలేయానికి ఇంకోటి వాడతారు. లోతు నుంచి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనులను ఎక్కువగా పెంచే ఏర్పాటు కూడా యంత్రంలో ఉంటుంది. అది ఈ నష్టాన్ని భర్తీ చేయడానికే.

6. పద్దు రాయండి

ఇప్పుడు అసలు పని. రౌటర్ నుంచి ఫోన్‌కి 8 మీటర్లు, మధ్యలో రెండు ఇటుకగోడలు, ఒక చెక్క తలుపు అనుకుందాం. పంపేది 20 డీబీఎం.

2.4 గిగాహెర్ట్జ్‌కి మొదటి మీటరు నష్టం 40 డెసిబెల్‌లు. తర్వాత దూరం మూడుసార్లు రెట్టింపైంది (1, 2, 4, 8), ఒక్కోదానికి 6 చొప్పున 18. మొత్తం 58. గోడ ఒక్కోటి 7 చొప్పున 14, తలుపు 3. పద్దు: 20లోంచి 58, 14, 3 తీసేస్తే మైనస్ 55 డీబీఎం. చక్కటి సిగ్నల్.

5.5 గిగాహెర్ట్జ్‌కి అదే ఇంట్లో మొదటి మీటరు 47, రెట్టింపులకు 18, మొత్తం 65. గోడలు ఒక్కోటి 12 అనుకుంటే 24, తలుపు 4. మిగిలేది మైనస్ 73. పనిచేస్తుంది, కానీ ముక్కుతూ మూలుగుతూ.

గోడల అంకెలు అంచనాలే. ఇటుక రకం, తడి, మందం బట్టి సగానికి తగ్గొచ్చు, రెండింతలు కావచ్చు. ఇనుప చువ్వలున్న కాంక్రీటు ఇంకా ఎక్కువ తింటుంది. వేడిని ఆపడానికి సన్నటి లోహపు పూత పూసిన కిటికీ అద్దం చూడటానికి పారదర్శకమే, రేడియోకి మాత్రం 20, 30 డెసిబెల్‌ల అడ్డం.

మొదటి మీటరుకు 40 నుంచి 47 అయింది కదా, దాన్ని చూసి గాలి ఎక్కువ తినేసిందనుకుంటారు చాలామంది. గాలి తిన్నది ఏమీ లేదు. పౌనఃపున్యం పెరిగితే అదే రకం యాంటెన్నా చిన్నదవుతుంది, చిన్న దోసిట్లో తక్కువ వాన పడుతుంది. పెద్ద డిష్ పెడితే ఈ నష్టం తిరిగి వచ్చేస్తుంది. గోడ తిన్నది రాదు.

పద్దు చివర ఇంకో వరుస ఉండాలి: రొద, అంటే సిగ్నల్ లేకపోయినా రిసీవర్‌లో ఎప్పుడూ ఉండే అక్కర్లేని అలజడి. సిగ్నల్ ఎంత చిన్నదన్నది కాదు, రొద మీద ఎంత ఎత్తులో ఉందన్నదే లెక్క. గది ఉష్ణోగ్రతలో ప్రకృతి సహజమైన రొద ఒక హెర్ట్జ్‌కి మైనస్ 174 డీబీఎం. వైఫై వాడే 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకు అది మైనస్ 101 అవుతుంది. రిసీవర్ సొంత రొద కొన్ని డెసిబెల్‌లు కలుపుతుంది, పొరుగు రౌటర్లు ఇంకొంత. వేగంగా నడవాలంటే సిగ్నల్ ఈ మొత్తం రొదకు 25, 30 డెసిబెల్‌ల పైన ఉండాలి. మైనస్ 73 ఎందుకు ముక్కుతుందో ఇక్కడ తెలుస్తుంది. దీనికి భిన్నంగా జీపీఎస్ సిగ్నల్ నేలను చేరేసరికి మైనస్ 130 దగ్గర, రొద కిందే మునిగి ఉంటుంది. ముందే తెలిసిన సంకేతంతో పోల్చి వెతకడం వల్ల అది దొరుకుతోంది.

7. కొలిచి చూడండి

సిగ్నల్‌ను డీబీఎంలో చూపించే యాప్ ఏదైనా ఫోన్‌లో పెట్టుకోండి. గోడను కొలవాలంటే గోడకు అటూ ఇటూ కొలిస్తే కాదు, ఎందుకంటే దూరం కూడా మారిపోతుంది. తలుపు తెరిచి నేరుగా కనిపించే చోట ఒక కొలత, రౌటర్ నుంచి అంతే దూరంలో గోడ చాటున ఇంకో కొలత తీసుకుని తీసివేయండి. ఒక్క అంకెను నమ్మకండి. ఫోన్‌ను అరచేతి వెడల్పు అటూఇటూ జరిపితేనే 10 డెసిబెల్‌లు ఊగుతుంది. గోడల మీద పడి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పదిచోట్ల కొలిచి సగటు తీయండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా కుర్చీ మీద పెట్టండి, చెయ్యి కూడా తింటుంది.

కాంతితో ప్రయోగం ఇంకా ముచ్చటగా ఉంటుంది. చీకటి గదిలో టార్చ్ కదలకుండా పెట్టి, ఎదురుగా వెలుతురును కొలిచే యాప్ ఉన్న ఫోన్ పెట్టండి. మధ్యలో బూడిదరంగు ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు ఒకటొకటిగా పేర్చండి. ప్రతి అంకెకీ సంవర్గమానం తీసి పొరల సంఖ్యకు ఎదురుగా చుక్కలు పెడితే సరళరేఖ రావాలి. ఆ రేఖ వాలే మీ ఫిల్మ్ గుణకం.

చెరువు నీటి కలకదనం కొలవాలంటే ఇంకా పాత పద్ధతి ఉంది. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త తెల్లటి బిళ్ళను తాడుతో సముద్రంలోకి దించి ఎక్కడ మాయమవుతుందో చూశాడు. ఇప్పుడు చెరువులకు 20 సెంటీమీటర్ల బిళ్ళను నలుపు తెలుపు భాగాలుగా చేసి వాడుతున్నారు. పడవ నీడపడే వైపు దించండి, మాయమైన లోతు రాసుకోండి, పైకి లాగుతూ మళ్ళీ కనిపించిన లోతు రాసుకోండి, సగటు తీయండి. 1.7ను ఆ లోతుతో భాగిస్తే నీటి క్షీణతా గుణకం స్థూలంగా వస్తుంది. 3.4 మీటర్ల దగ్గర మాయమైతే గుణకం మీటరుకు 0.5, అంటే ప్రతి మీటరుకీ దాదాపు 39 శాతం వెలుతురు పోతోంది.

8. గీత వంగితే

బూడిదరంగు ఫిల్మ్ బదులు ఎర్రటి ఫిల్మ్ పెట్టి చూడండి. మొదటి పొర బోలెడు తింటుంది, రెండోది కొంచెం, ఐదోది దాదాపు ఏమీ తినదు. నీలం, ఆకుపచ్చ మొదటి పొరల్లోనే అయిపోయాయి, మిగిలిన ఎరుపుకు ఎర్ర ఫిల్మ్ అడ్డు చెప్పదు. ఎక్స్-కిరణాలకూ ఇదే జరుగుతుంది. మెత్తటివి (శక్తి తక్కువవి) ముందు ఆగిపోయి గట్టివి (శక్తి ఎక్కువవి) మిగులుతాయి. ఒక్క పౌనఃపున్యం లేనప్పుడు ఒక్క గుణకం సరిపోదు.

తెల్లకాగితాలు పేర్చినా గీత వంగుతుంది, కారణం వేరు. కాగితం తినదు, చెదరగొడుతుంది. చెదిరిన వెలుతురు తిరిగి తిరిగి అవతలికి కొంత చేరుతుంది, కాబట్టి మందం పెరిగేకొద్దీ తగ్గుదల మెల్లగా ఉంటుంది. దట్టమైన మబ్బు కింద కూడా పగలు పగలుగానే ఉండేది అందుకే.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది కన్నం. ఒకదాని వెనక ఒకటి ఉన్న అడ్డాలకు డెసిబెల్‌లు కూడొచ్చు. పక్కపక్కన ఉన్న దారులకు కూడకూడదు. ధ్వనిని 40 డెసిబెల్‌లు ఆపే గోడలో నూటికి ఒక వంతు వైశాల్యం తెరిచి ఉంటే ఆ కన్నం ఒక్కటే వందో వంతును వదిలేస్తుంది, మొత్తం గోడ 20 డెసిబెల్‌ల గోడ అయిపోతుంది. మిగతా 99 వంతులనూ రెండింతల మందం చేసినా ప్రయోజనం లేదు. ఫోన్‌ను అల్యూమినియం రేకులో చుట్టినప్పుడూ అంతే. వంటింటి రేకు మందం సుమారు 16 మైక్రోమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్ తరంగం అల్యూమినియంలో చొచ్చుకుపోయే లోతు రెండు మైక్రోమీటర్లు కూడా లేదు. రేకు గుండా వచ్చేది శూన్యంతో సమానం. అయినా ఫోన్ మోగిందంటే మడత సరిగా పడలేదన్నమాట.

మీ పద్దుకీ కొలతకీ తేడా 10 డెసిబెల్‌ల లోపు ఉంటే పద్దు బాగున్నట్టే. కొలత బాగా ఎక్కువొస్తే తెలియని దారి ఒకటి తెరుచుకుని ఉంది, కిటికీయో వరండాయో. బాగా తక్కువొస్తే లోహం కోసం వెతకండి. నా బీరువా దొరికింది అలాగే: పద్దు మైనస్ 58 అంటే ఫోన్ మైనస్ 79 చూపించింది.

9. తగ్గించుకునే మార్గాలు, ఏది ముందు

అందరికీ ముందు తోచేది శక్తి పెంచడం. అది చివరి మార్గం. రెట్టింపు శక్తి ఇచ్చేది 3 డెసిబెల్‌లే, అర గోడకు సరి. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిగ్రాఫ్ కేబుల్‌లో విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. సంకేతాలు దారిలో బలం తగ్గడమే కాదు, సాగిపోయి ఒకదానిమీద ఒకటి పడేవి. కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దాదాపు 2000 వోల్టులు ఎక్కించాడు. అసలే లోపాలున్న కేబుల్ కొన్ని వారాల్లోనే చచ్చిపోయింది. భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ దారి వేరు: పంపేవైపు అరవడం మాని, అందుకునే వైపు అద్దం అమర్చిన సున్నితమైన గాల్వనోమీటర్ (చిన్న కరెంటును పసిగట్టే పరికరం) పెట్టాడు.

అదే క్రమం ఇంట్లోనూ పాటించండి. ముందు దారి మార్చండి. గోడను ఏటవాలుగా దాటితే తరంగం ఎక్కువ మందం గుండా పోతుంది, ఎదురుగా దాటేలా రౌటర్ జరపడం ఉచితం. తర్వాత పౌనఃపున్యం తగ్గించి చూడండి. ఆ తర్వాత యాంటెన్నా. ఆంప్లిఫయర్ పెట్టాల్సి వస్తే పొడవాటి కేబుల్‌కి ముందు, యాంటెన్నా పక్కనే పెట్టండి. కేబుల్ తినేసిన తర్వాత పెంచితే సిగ్నల్‌తో పాటు రొద కూడా అంతే పెరుగుతుంది, మధ్య ఎత్తు మారదు.

సిగ్నల్‌ను అందుకుని మళ్ళీ పంపే రిపీటర్ ఎక్కడ పెట్టాలన్నదీ పద్దే చెబుతుంది. చాలామంది దాన్ని సిగ్నల్ అందని గదిలోనే పెడతారు, అప్పుడు దానికీ ఏమీ అందదు. 60 డెసిబెల్‌ల నష్టమున్న దారికి పదిలక్షల రెట్లు శక్తి కావాలి. మధ్యలో, రెండువైపులా 30 చొప్పున పంచుకునే చోట నిలబెడితే ఒక్కో అంచెకు వెయ్యి రెట్లు చాలు. మధ్య అంటే మీటర్లలో మధ్య కాదు, డెసిబెల్‌లలో మధ్య. గోడలన్నీ ఒకవైపే ఉంటే రిపీటర్ కూడా ఆ వైపుకే జరగాలి.